ఊరి చరిత్ర రాయాలంటే: సీమ పల్లెల్లో ఎక్కడ వెతకాలి, ఎలా చదవాలి

సీమలో ఊరి చరిత్ర పుస్తకం వేస్తున్నారంటే మొదటి పేజీలో జనమేజయుడో శ్రీకృష్ణదేవరాయలో ఉంటారు. తర్వాత గుడి మహిమ, ఆ తర్వాత ఊరి పెద్దల ఫొటోలు. పుస్తకం అక్కడితో అయిపోతుంది. చెరువు తవ్విన వడ్డెవాళ్లు, కుండలు చేసిన కుమ్మర్లు, కరువులో వలసపోయి తిరిగిరాని కుటుంబాలు అందులో ఎక్కడా కనబడరు. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఎంత చిన్న పల్లెకైనా రెండు వందల ఏళ్ల చరిత్రను ఆధారాలతో రాయవచ్చు. ఆ ఆధారాలు తాలూకా కాగితాల్లో, పొలంలో నిలబడ్డ రాళ్లలో, ముసలివాళ్ల నోళ్లలో ఉన్నాయి. రాజుల దగ్గర మొదలుపెడితే అవి చేతికి రావు. నీళ్ల దగ్గర, నేల దగ్గర మొదలుపెట్టాలి.

పని మొదలుపెట్టే ముందు ఒక పెద్ద నోటు పుస్తకం తీసుకోండి. రాసుకునే ప్రతి సంగతికీ పక్కన ఒక గుర్తు పెట్టండి: కాగితంలోనో రాయి మీదో ఉన్నదైతే ‘కా’, మీ కళ్లతో చూసినదైతే ‘చూ’, ఒకరు చెప్పగా విన్నదైతే ‘వి’. విన్నదానికి ఎవరు చెప్పారో, ఏ తేదీనో కూడా రాయండి. ఇది చాదస్తంగా కనిపిస్తుంది కానీ ఆరు నెలలు పోయాక దీని విలువ తెలుస్తుంది. గుడి కరపత్రంలో అచ్చయిన కథను ఒక పెద్దాయన చదివి మీకు చెబుతాడు. అదే కథను ఇంకో ఇద్దరు ఆయన దగ్గర విని చెబుతారు. ముగ్గురు చెప్పారు కదా అని మీరు నమ్ముతారు. నిజానికి అది ఒకే ఒక్క కరపత్రం. ఊరి చరిత్రల్లో తప్పులు ఎక్కువగా ఈ దారినే వస్తాయి.

మీ ఊరు అప్పుడు ఏ జిల్లా?

ఆర్కైవ్స్‌కు పోయి ఉత్తచేతులతో వచ్చేవాళ్లలో చాలామంది వేరే జిల్లా కట్టలో వెతికి ఉంటారు. అందుకే ఇది ముందే తేల్చుకోవాలి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అలా ఇచ్చిన దత్త మండలాలన్నీ 1807 దాకా థామస్ మన్రో కలెక్టరు చేతి కింద ఉన్నాయి. కర్నూలు నవాబు ఏలుబడిలోని ఊళ్లు మాత్రం 1839లోగానీ కంపెనీ చేతికి రాలేదు. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడ్డప్పుడు కోయిలకుంట్ల, కంభం కడప నుంచి వచ్చాయి, పత్తికొండ బళ్ళారి నుంచి వచ్చింది. కాబట్టి 1847లో ఉరితీయబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి సంబంధించిన కాగితాలు కర్నూలు జిల్లావి కావు, కడప జిల్లావి.

అనంతపురం 1882 దాకా బళ్ళారి జిల్లాలో భాగం. కదిరి తాలూకా 1910 దాకా కడపది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం 1953 దాకా బళ్ళారివే. బనగానపల్లె చుట్టుపక్కల ఊళ్లయితే 1948 దాకా సంస్థానం కింద ఉన్నాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య జిల్లాలు విడిపోయాయి. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న ఊరి 2011 జనాభా లెక్క కావాలంటే కర్నూలు పేరు కిందే వెతకాలి.

ఇది తేలాక పాత జిల్లా మాన్యువళ్లు చూడండి. బళ్ళారికి కెల్సాల్ రాసినది 1872లో, కడపకు గ్రిబుల్ రాసినది 1875లో, కర్నూలుకు గోపాలకృష్ణమ్మ చెట్టి రాసినది 1886లో వచ్చాయి. ఆ తర్వాత అనంతపురానికి ఫ్రాన్సిస్ గెజిటీర్ 1905లో, కడపకు బ్రాకెన్‌బరీ గెజిటీర్ 1915లో వెలువడ్డాయి. ఇవన్నీ స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. మీ పల్లె పేరు నేరుగా దొరక్కపోవచ్చు. అయినా తాలూకా అధ్యాయాన్ని పూర్తిగా చదవండి. మీ వంక, మీ సంత, మీ దారి గురించి అక్కడ ఒక్క వాక్యం ఉన్నా అది మీకు పనికొస్తుంది. ఊరి పేరును ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాసి వెతకండి. ఆ కాలపు గుమాస్తాలు చెవికి విన్నట్టు రాసుకున్నారు.

కైఫీయత్తులు

కర్నల్ కాలిన్ మెకంజీ మనుషులు 1800 తర్వాత ఊరూరా తిరిగి, కరణాల దగ్గరున్న కవిలెలు (లెక్కల దస్తరాలు) చూసి, పెద్దల్ని అడిగి రాయించిన గ్రామ వృత్తాంతాలు ఇవి. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు ఈ పనికి వెన్నెముక. సి.పి. బ్రౌన్ తర్వాత వాటికి నకళ్లు రాయించాడు. కడప జిల్లా కైఫీయత్తులు పుస్తకాలుగా అచ్చయ్యాయి. కడపలో ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ గ్రంథాలయంలో అడిగితే చూపిస్తారు.

కైఫీయత్తును రెండు ముక్కలుగా చదవాలి. మొదటి సగంలో అడవి నరికి ఊరు కట్టిన కథ, పుట్టలో దొరికిన దేవుడు, జనమేజయుడి దానం ఉంటాయి. 1800 ప్రాంతంలో ఆ ఊరు తన గురించి తాను ఏమనుకునేదో దీనివల్ల తెలుస్తుంది. దాన్ని ఆ మాటతోనే రాయండి: ‘కైఫీయత్తు ప్రకారం ఊరివాళ్లు ఇలా చెప్పుకున్నారు.’ రెండో సగంలో ఎవరు ఎంత సిస్తు కట్టారు, ఏ పాళెగాడు ఊరిని కొల్లగొట్టాడు, ఏ గుడికి ఎన్ని తూముల (విత్తనం కొలత) భూమి మాన్యం, పొలిమేరలు ఎక్కడ అనేవి ఉంటాయి. ఇది చాలావరకు కరణం దస్తరంలోంచి వచ్చినదే, కాబట్టి గట్టి ఆధారం. రెండింటికీ ఒకే నమ్మకం ఇస్తే పుస్తకం చెడుతుంది. మొదటిదాన్ని పూర్తిగా కొట్టేసినా ఊరి మనసు పోతుంది.

మీ ఊరికి కైఫీయత్తు లేకపోతే పక్క ఊరిది తీయండి. పొలిమేరలు చెప్పేచోట మీ ఊరి పేరు తగులుతుంది.

చెరువు కట్ట మీద

ఊరి పటం చేతిలో పెట్టుకుని చెరువు కట్ట మీదికి నడవండి. పాత గ్రామ పటం సర్వే శాఖలో దొరుకుతుంది. కింద కొలత రాసి ఉంటుంది. మైలుకు 16 అంగుళాలు అని ఉంటే పటం మీద ఒక అంగుళం నేల మీద 330 అడుగులు. కట్ట పొడవు, తూములెన్ని, మరువ (నిండిన చెరువు పొర్లే చోటు) ఏ వైపు, ఏ వంక నీళ్లు చెరువులోకి వస్తాయి, మరువ దాటిన నీళ్లు ఏ ఊరి చెరువుకు పోతాయి, ఇవన్నీ రాయండి. సీమలో చెరువులు చాలాచోట్ల గొలుసుకట్టుగా ఉంటాయి. పై ఊరికీ కింది ఊరికీ ఉన్న స్నేహమూ పగా చాలావరకు ఈ మరువ దగ్గరే పుట్టి ఉంటాయి.

తూము స్తంభాల్ని దగ్గరగా చూడండి. నీటి మట్టం దిగిన వేసవిలో అయితే మంచిది. రాతి మీద లక్ష్మీ, చేప, తాబేలు బొమ్మలు ఉండొచ్చు, అక్షరాలూ ఉండొచ్చు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం ఈ విషయంలో అందరూ చదవాల్సినది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు శక సంవత్సరం 1291లో, అంటే క్రీ.శ. 1369లో, వేయించాడు. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, రాకూడని 6 దోషాలు అందులో ఉన్నాయి. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని కూడా ఉంది. మీ ఊరి చెరువును ఆ పన్నెండు అంగాలతో ఒక్కొక్కటిగా పోల్చి చూస్తే, ఆ చోటే ఎందుకు ఎంచుకున్నారో, కొండ గొంతులో కట్ట ఎందుకు వేశారో మీకే అర్థమవుతుంది.

‘ఇది రాయలు తవ్వించిన చెరువు’ అని ఎవరైనా అంటే ‘వి’ గుర్తు పెట్టి వదిలేయండి. సీమలో రాయల పేరు చెప్పని చెరువు అరుదు. చిన్న నీటిపారుదల శాఖ కార్యాలయంలో పాత చెరువు రికార్డు ఉందేమో అడగండి. ఉంటే ఆయకట్టు, మరమ్మతుల వివరాలు అందులో ఉంటాయి. కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింది ఊళ్లయితే కథ వేరు. 1860లలో ఒక ప్రైవేటు కంపెనీ తవ్విన ఆ కాలువను 1882లో ప్రభుత్వం తీసుకుంది. కాలువ రాకముందు జొన్న, వచ్చాక వరి. ఆ మార్పు ఎవరి చేతిలోకి భూమిని తెచ్చిందో రెవెన్యూ కాగితాల్లో చూడాలి.

రెవెన్యూ కాగితాలు

చరిత్ర రాసేవాళ్లు ఇక్కడ ఎంత కాలం గడిపితే అంత మంచిది. మీకు కావాల్సినవి మూడు: డైగ్లాట్ (సర్వే నంబర్లవారీ పాత భూమి రిజిస్టరు), ఇనాం ఫెయిర్ రిజిస్టరు (మాన్యాల రిజిస్టరు), ఫీల్డు మ్యాపులు. ఇప్పటి అడంగల్, వన్-బీ మీకు పెద్దగా పనికిరావు. అవి ఈనాటి హక్కుల కోసం. రీసర్వే జరిగిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల చోట ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. కాబట్టి పాత నంబరుకు కొత్త నంబరు ఏదో చూపే పట్టిక ముందే అడిగి తీసుకోండి. లేకపోతే పాత రిజిస్టరులోని పొలం ఇప్పుడు ఎక్కడుందో గుర్తుపట్టలేరు.

డైగ్లాట్‌లో ప్రతి సర్వే నంబరుకూ అది సర్కారుదా ఇనామా, మెట్టా మాగాణా, ఎన్ని ఎకరాల సెంట్లు, శిస్తు ఎంత, పట్టాదారు ఎవరు అన్నది వరుసగా ఉంటుంది. పేరు పేరునా కాపీ చేసుకుంటూ పోతే వారం పడుతుంది, చేతికి పెద్దగా ఏమీ రాదు. దానికి బదులు నాలుగు విషయాలు వెతకండి.

మొదటిది, గ్రామకంఠం. ఊరు ఇప్పుడున్న చోట ఒకటి ఉంటుంది. దానికి దూరంగా, పొలాల మధ్య ఇంకో గ్రామకంఠం నమోదై ఉంటే అక్కడ ఒకప్పుడు ఇళ్లు ఉండేవి. ఆ చోటికి పోయి చూడండి. నేల కాస్త ఎత్తుగా, బూడిద రంగులో, పెంకుల ముక్కలతో ఉంటుంది. రైతులు దాన్ని పాటి అనో, పాటిదిన్నె అనో అంటారు, అక్కడి మన్ను ఎరువుగా పొలాలకు తోలి ఉంటారు. జనం పూర్తిగా పోయిన రెవెన్యూ గ్రామాన్ని రికార్డులో బేచిరాక్ అని రాస్తారు. మీ పంచాయతీలో అలాంటిది ఉంటే దాన్ని వదలొద్దు. ఆ ఊరి జనమే మీ ఊళ్లో ఒక వీధి అయ్యుండొచ్చు.

రెండోది, పోరంబోకు. వంక, రస్తా, శ్మశానం, పశువుల మంద, గుట్ట. ఇప్పుడు బండి కూడా పోని చోట డైగ్లాట్‌లో వెడల్పాటి రస్తా ఉంటే అది పాత బాట. ఏ సంతకు, ఏ తీర్థానికి పోయే బాటో కనుక్కోండి. మూడోది, పొలాల పేర్లు. ఇవి రికార్డులో అరుదుగా ఉంటాయి, కానీ నంబరు చెబితే రైతు పేరు చెబుతాడు: గవినిచేను, దొరువుచేను, తోపుచేను, సాయిబుమాన్యం. తోపు లేని తోపుచేను దగ్గర ఆగి అడగండి.

నాలుగోది, అన్నిటికంటే విలువైనది, ఇనాములు. 1858లో మొదలైన ఇనాం కమిషన్ ప్రతి మాన్యాన్నీ విచారించి, ఎవరిచ్చారు, ఎప్పుడు, ఏ పనికి, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు అని రాసి టైటిల్ డీడు నంబరు ఇచ్చింది. కరణం, రెడ్డి, తలారి, వెట్టి, కమ్మరి, వడ్ల, చాకలి, మంగలి, కుమ్మరి, ఖాజీ, పూజారి, బోగం మాన్యాలు అన్నీ అందులో ఉంటాయి. ఊళ్లో ఇప్పుడు ఒక్క కుమ్మరి ఇల్లు లేకపోయినా కుమ్మరి మాన్యం ఉందంటే ఆ కుటుంబం ఉండేదని రుజువు. ‘దశబంధం’ అని కనబడితే కచ్చితంగా ఆగండి. చెరువో బావో తన ఖర్చుతో కట్టినవాడికి, దాన్ని బాగు చేస్తూ ఉండాలన్న షరతు మీద, ఆ నీటి కింది భూమిలోనో రాబడిలోనో పదో వంతు లెక్కన ఇచ్చిన ఇనాం అది. అంటే మీ చెరువు కట్టినవాడి పేరు, కనీసం అతని మనవడి పేరు, ఆ రిజిస్టరులో ఉండే అవకాశముంది. రాయల పేరు చెప్పే కథను పక్కకు జరిపి ఆ మనిషి పేరు రాయవచ్చు.

ఈ కాగితాలు తహసీల్దారు కార్యాలయం, కలెక్టరేట్ రికార్డు గది, రాష్ట్ర ఆర్కైవ్స్ ఈ మూడింటిలో ఎక్కడో ఒకచోట ఉంటాయి. మద్రాసు కాలం నాటి జిల్లా రికార్డులు చెన్నై ఎగ్మోరులోని ఆర్కైవ్స్‌లోనూ ఉన్నాయి. ముందు మాటతో అడగండి, ఇస్తారు. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. మామూలు సైజు నకలుకు పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. అర్జీలో ‘ఊరి చరిత్ర కావాలి’ అని రాస్తే ‘సమాచారం లేదు’ అని వస్తుంది. ‘ఫలానా గ్రామం ఇనాం ఫెయిర్ రిజిస్టరు, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నకలు’ అని రిజిస్టరు పేరుతో అడగండి.

రాళ్లు

క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళుడు ధనంజయుడు తెలుగులో వేయించిన శాసనం దొరికిన కలమళ్ల ఒక పల్లె. కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయని 1929 దాకా బయటి లోకానికి తెలియదు. కాబట్టి మీ ఊరి రాయి చిన్నదని వదిలేయకండి.

గుడి ముందు, చావిడి పక్కన, బావి మెట్ల మీద, పాత బురుజు కింద, చేని గట్టున చూడండి. శాసనం ఇదివరకే అచ్చయిందేమో ముందు తెలుసుకోవాలి. 1919లో రంగాచార్య తాలూకావారీగా వేసిన మద్రాసు ప్రెసిడెన్సీ శాసనాల జాబితా ఇందుకు సులువైన దారి. కడప జిల్లా శాసనాలకు పరబ్రహ్మశాస్త్రి సంపుటాలు ఉన్నాయి. అనంతపురం పడమటి ఊళ్లలో శాసనం కన్నడంలో ఉండటం మామూలే.

రాయిని చదివే పద్ధతి ఇది. మెత్తటి బ్రష్షు, మామూలు నీళ్లు, అంతే. సుద్దముక్క, ముగ్గుపిండి, బూడిద, నూనె, పసుపు ఏవీ రాయొద్దు. అక్షరం లోతుల్లో చేరిన సుద్ద తప్పుడు గీతలు చూపిస్తుంది, నూనె రాయిని నల్లబరిచి మట్టిని పట్టిస్తుంది. ఎక్కువ శాసనాలను చెరిపేసింది శత్రువులు కాదు, గుడి బాగుచేసేటప్పుడు కొట్టిన సున్నం, ఎనామెల్ పెయింటు, ఇసుక చిమ్మి రాయిని గీకే యంత్రం. చీకటి పడ్డాక ఫోనును స్టాండు మీద కదలకుండా నిలబెట్టండి. ఇంకొకరు టార్చిని రాయికి దాదాపు ఆనించి, పక్క నుంచి వెలుగు జారేలా పట్టుకోవాలి. ఎడమ, కుడి, పైన, కింద, నాలుగు వైపుల నుంచి నాలుగు ఫొటోలు. పగటి ఎండలో కనబడని అక్షరం ఆ వాలు వెలుగులో నీడగా లేస్తుంది. పక్కన స్కేలు పెట్టి ఇంకో ఫొటో తీయండి. పొడవు, వెడల్పు, ఎన్ని వరుసలు రాయండి. మీకు అర్థం కాని అక్షరాన్ని ఊహించి నింపొద్దు, చుక్కలు పెట్టండి. ఫొటోలను మైసూరులోని పురావస్తు శాఖ శాసన విభాగానికి పంపితే చదివిస్తారు. అరబ్బీ, పారశీక లిపి అయితే నాగపూర్ విభాగం.

అక్షరం లేని రాళ్లకూ భాష ఉంది. వీరగల్లు (పోరులో చనిపోయినవాడికి నిలబెట్టిన రాయి) మీద మామూలుగా కింది అరలో పోరాటం, మధ్య అరలో అప్సరసలు వీరుణ్ణి తీసుకుపోవడం, పై అరలో లింగం ముందు వీరుడు, సూర్యచంద్రులు ఉంటారు. కింది అర చాలా ముఖ్యం. అక్కడ ఆవులుంటే పశువుల మందను కాపాడుతూ చనిపోయినవాడు, పులి ఉంటే పులితో పోరాడినవాడు, గుర్రాలుంటే యుద్ధం. గాజులతో పైకెత్తిన చేయి ఉంటే సతికల్లు, అంటే సహగమనం చేసిన ఆడమనిషి గుర్తుగా నిలబెట్టిన రాయి. పొలం మధ్య నిలబడ్డ రాయి మీద వామనుడి బొమ్మ ఉంటే దానం చేసిన భూమికి హద్దు. చాలాచోట్ల వీరగల్లును ఇప్పుడు దేవుడిగా కొలుస్తారు, పసుపు కుంకుమ పెడతారు. పూజ చేసే ఇంటివాళ్లను అడగకుండా ముట్టుకోవద్దు.

ఇంకో మాట. గుప్తనిధుల వేటగాళ్లు సీమలో ఎన్నో వీరగల్లుల్ని, లింగాల్ని పగలగొట్టారు. మనుషులు తిరగని చోట ఉన్న రాయి ఫొటో పుస్తకంలో వేయండి కానీ, దాని జీపీఎస్ లెక్క గానీ దారి గానీ వేయొద్దు. ఫోనుతో తీసిన ఫొటోలోనే చోటు వివరం దాగి ఉంటుంది. పంచుకునే ముందు దాన్ని తీసేయండి.

తేదీలు సరిచూడటం

శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం. జనవరి నుంచి ఉగాది దాకా వచ్చే తిథులకు 79. శాసనంలో శక సంఖ్య పక్కన సంవత్సరం పేరు కూడా ఉంటే రెంటినీ సరిపోల్చండి: శక సంఖ్యకు 12 కలిపి 60తో భాగించి, శేషాన్ని ప్రభవ నుంచి లెక్కపెట్టాలి. పోరుమామిళ్ల శాసనం 1291. దానికి 12 కలిపితే 1303, శేషం 43, నలభై మూడోది సౌమ్య. శాసనంలోనూ సౌమ్య అనే ఉంది. శేషం సున్నా అయితే అరవయ్యోది, అక్షయ. ఒక్క ఏడాది తేడా వస్తే కంగారు పడొద్దు, గడిచిన శకమా నడుస్తున్న శకమా అన్న తేడా అది. పదేళ్ల తేడా వస్తే అంకెను మీరే తప్పు చదివారు.

రెవెన్యూ కాగితాల్లో ఫసలీ, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం, ఉంటుంది. దానికి 590 కలపండి. ఫసలీ 1393 అంటే 1983 జూలై నుంచి 1984 జూన్ దాకా. కరణాల, మునసబుల పదవులు రద్దయింది ఆ ఫసలీలోనే.

పెద్దల మాట

ముసలివాళ్లను ‘మీరు పుట్టిన సంవత్సరం ఏది’ అని అడిగితే ఉజ్జాయింపు వస్తుంది. ‘కరణాలు పోయినప్పుడు నీకు పెండ్లయిందా అవ్వా? చిన్న బిడ్డ ఎవరు అప్పటికి?’ అని అడిగితే సరైన లెక్క వస్తుంది. ముందే ఒక కాగితం మీద తెలిసిన గుర్తులు రాసుకోండి: 1953లో కర్నూలు రాజధాని, 1984లో ఇందిరాగాంధీ మరణం, శ్రీశైలం ముంపు ఊళ్లవాళ్లయితే 1980ల మొదట్లో ఊరు ఖాళీ చేయడం, 2009 అక్టోబరులో తుంగభద్ర వరద, చెయ్యేరు ఒడ్డువాళ్లకు 2021 నవంబరులో అన్నమయ్య డ్యాం తెగడం. వీటికి మీ ఊరి గుర్తులు కలపండి: కరెంటు వచ్చిన ఏడు, మొదటి బోరు, మొదటి బస్సు, బడి కట్టిన ఏడు. పాత బడి అడ్మిషన్ రిజిస్టరు ఈ తేదీల్ని సరిచూడటానికి బాగా పనికొస్తుంది. కరువుల దగ్గర మాత్రం జాగ్రత్త. ధాత కరువు అంటే ధాత నామ సంవత్సరంలో, 1876-77లో, వచ్చినది. కానీ ధాత మళ్లీ 1936లో, 1996లో వచ్చింది. చెప్పేవాళ్లు తమ తాత చూసినది చెబుతున్నారా, తాము చూసినది చెబుతున్నారా అని అడిగి తేల్చుకోవాలి.

పొద్దున పది లోపు పోండి. మధ్యాహ్నం అయితే అలసిపోతారు. ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, నోటికి రెండడుగుల లోపల, గుడ్డ మీద పెట్టండి. చాప మీద, మంచం మీద నేరుగా పెడితే ప్రతి కదలికా చప్పుడు చేస్తుంది. ఫ్యాన్ ఆపండి. కుదించని వేవ్ (WAV) ఫైలుగా చేస్తే గంట రికార్డింగు మోనోలో దాదాపు 300 ఎంబీ. ముందు చోటు చూసుకోండి. గంట మాటను రాతలోకి తెచ్చేందుకు నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. అందుకే పది మందిని వింటే ఎంత పనో ముందే లెక్కేసుకోండి. ఒక్కొక్కరిని విడిగా వినండి. చావిడిలో గుంపుగా కూర్చుంటే గొంతు పెద్దదైన ఒక్కరి కథే మిగులుతుంది, మిగతావాళ్లు తలూపుతారు.

ఆడవాళ్లను తప్పకుండా, మగవాళ్లు పక్కన లేనప్పుడు వినండి. ఏ బావి నీళ్లు ఎవరు తోడుకునేవాళ్లు, కరువులో ఏ గడ్డలు, ఏ ఆకులు తిన్నారు, జొన్న పాతర తెరిస్తే ఎంతసేపు ఆగి దిగాలి, పురుడు ఎవరు పోసేవాళ్లు, ఇవి వాళ్లకే తెలుసు. పాతర సంగతినే చూడండి. భూమిలో తవ్విన గుంతలో గింజలు పోసి మూసేస్తే లోపల గాలి చెడుతుంది. మూత తీసిన వెంటనే దిగితే ప్రాణం పోతుంది. దీపం దించి, అది ఆరకుండా వెలిగితేనే దిగేవాళ్లు. ఏ రికార్డులోనూ లేని ఇలాంటి వివరం ఊరి బతుకును కళ్లకు కడుతుంది.

మాలవాడ, మాదిగవాడ, వడ్డెపేట, తాండా, కొట్టాలు, ప్రతిచోటా కనీసం ఇద్దరిని వినండి. ఒకే సంఘటన వీధిని బట్టి మారుతుంది. రెండు మాటలూ రాయండి, ఏది నిజమో మీరు తీర్పు చెప్పాల్సిన పని లేదు. వంశాలు చెప్పే వంశరాజులు ఇంకా తిరుగుతూ ఉంటే వాళ్లు వచ్చే కాలం కనుక్కుని రికార్డు చేయండి. వాళ్లకు ఇచ్చేది ఇచ్చి చేయండి.

ఫ్యాక్షన్ గురించి రాయాలా వద్దా అని చాలామంది తటపటాయిస్తారు. జరిగినదాన్ని దాచిపెట్టిన చరిత్ర నమ్మదగ్గది కాదు. కానీ చంపినవాళ్ల పేర్లు, చనిపోయినవాళ్ల పేర్లు, కోర్టు తీర్పు లేని ఆరోపణలు వద్దు. గొడవల కాలంలో ఎన్ని కుటుంబాలు ఊరు వదిలాయి, ఎన్నేళ్లు చేలు బీడు పడ్డాయి, బడి ఎన్నాళ్లు మూతపడింది, ఇవి రాయండి. బతికున్న మనిషి గురించి అతనికి చూపించకుండా ఒక్క వాక్యం కూడా అచ్చు వేయొద్దు.

ఊరి తీరు

తేదీలు పూర్తయ్యాక చాలా పుస్తకాలు ఆగిపోతాయి. ఊరు ఎలాంటిదో చెప్పాలంటే ‘మంచి మనుషులు, కలిసిమెలిసి ఉంటారు’ అంటే సరిపోదు. ఒక ఏడాదిని వరుసగా రాయండి. ముంగారు (తొలకరి) వానకు ఏం విత్తుతారు, హింగారు (వెనకటి) వానకు ఏం, ఎర్రనేల ఎటు, నల్లరేగడి ఎటు. ఉగాదికి ఎవరు ముందు అరక కడతారు. పీర్ల పండగకు పీర్లను ఎత్తేది ఎవరు, అగ్నిగుండం తవ్వేది ఎవరు, మొక్కులు చెల్లించే ఇళ్లు ఏవి. గంగమ్మ జాతర ఎన్నేళ్లకోసారి. దీపావళి దాటాక వలసపోయే బస్సులో ఏ వీధివాళ్లు ఎక్కుతారు, బెంగళూరుకా, గుంటూరు మిరపచేలకా, కువైట్‌కా. తిరిగొచ్చి కట్టిన ఇళ్లు ఎలా ఉన్నాయి.

ఇళ్లు చూసినా ఊరి తీరు తెలుస్తుంది. మట్టి మిద్దె మీద చౌడు పరిచి వాన కారకుండా చేసేవాళ్లు, ఏడాదికోసారి కొత్తగా పోసేవాళ్లు. నాపరాయి గనుల దగ్గరి ఊళ్లలో గోడా కప్పూ అరుగూ అన్నీ బండలే. ద్వారబంధం మీద, ముందు గోడ గార మీద కట్టిన ఏడు చెక్కి ఉంటుంది. వీధి వీధీ తిరిగి ఆ అంకెలు రాసుకుంటే ఊళ్లో డబ్బు ఏ పదేళ్లలో వచ్చిందో బయటపడుతుంది. వేరుశనగ ధర పలికిన కాలమా, బోర్ల కాలమా, గల్ఫ్ కాలమా అన్నది పక్కన పంట లెక్కలతో పోల్చండి. జనాభా లెక్కలు 1951 నుంచి జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కుల్లో ఊరివారీగా ఉన్నాయి. ప్రతి పదేళ్లకూ ఇళ్లు, జనం, చదువుకున్నవాళ్లు ఎందరో ఒక చిన్న పట్టిక వేస్తే చాలు.

రాయడం, భద్రపరచడం

తొంభై పేజీలు దాటొద్దు. దాటితే ఊళ్లో ఎవరూ చివరిదాకా చదవరు. నీళ్లు, నేల, వచ్చిన కుటుంబాలు, పనులు, గుళ్లూ మసీదులూ చర్చీలు, కరువులు, బడి, వలస అనే వరుస చాలా ఊళ్లకు సరిపోతుంది. ఊరు పుట్టిన కథ మధ్యలో ఎక్కడైనా రావచ్చు. ఊరివాళ్ల మాటను ఊరి యాసలోనే ఉంచండి. శాసన పాఠం ఉంటే పూర్తిగా వేసి కింద అర్థం రాయండి.

అచ్చుకు ముందు చావిడిలో రెండు సాయంత్రాలు పైకి చదివి వినిపించండి. ఆడవాళ్లకు వీలయ్యే పొద్దులో ఇంకోసారి. తప్పులు అక్కడే దొరుకుతాయి, కొత్త సంగతులూ అక్కడే వస్తాయి. గొడవ పడేవాళ్లుంటే వాళ్ల మాట రాసుకుని, ఆధారం అడిగి, రెండు వారాలు గడువివ్వండి.

రికార్డింగులు, ఫొటోలు, నకళ్లు మూడు చోట్ల పెట్టండి: ఒక హార్డ్ డిస్కు మీ ఇంట్లో, ఇంకొకటి వేరే ఊళ్లో ఉన్న మనిషి దగ్గర, మూడో ప్రతి ఆన్‌లైన్‌లో. ఫైలు పేరులో ఊరు, తేదీ, చెప్పిన మనిషి ఇంటిపేరు ఉండాలి. లేకపోతే రెండేళ్ల తర్వాత ఎవరి గొంతో మీకే తెలియదు. పుస్తకం ప్రతులు ఊరి బడికి రెండు, పంచాయతీకి ఒకటి, జిల్లా గ్రంథాలయానికి ఒకటి, బ్రౌన్ గ్రంథాలయానికి ఒకటి ఇవ్వండి. మీకు సంగతులు చెప్పిన ప్రతి మనిషి ఇంటికీ ఒకటి చేతికి ఇచ్చి రండి.